గోలీసోడా సీసా ఆత్మకథ

మందపాటి గాజు ఒళ్లు, మెడ దగ్గర రెండు నొక్కులు, మూతి గాడిలో రబ్బరు వాషరు, లోపల ఒక గాజు గోలీ. ఇవన్నీ ఉంటే అది గోలీసోడా సీసా. ఈ ఆత్మకథ చెప్పుకొంటున్నది అలాంటి సీసాయే. అయితే చెప్పబోయేది చాలావరకు లెక్క కాబట్టి ‘నేను’ను పక్కనపెట్టి తనను తాను ‘ఈ సీసా’ అనుకుంటుంది.

ఈ వంశానికి మూలపురుషుడు లండన్‌వాడైన హైరమ్ కాడ్. 1870ల తొలినాళ్లలో ఆయన ఈ నమూనాకు పేటెంటు తీసుకున్నాడు. బిరడాతో పని లేకుండా లోపలి వాయువు ఒత్తిడే గోలీని వాషరుకు అదిమి మూతి మూసేయడం ఇందులోని ఉపాయం. పుట్టిన దేశంలో దీని వాడకం దాదాపు పోయింది. తెలుగు ఊళ్లలో సోడాబండి మీద ఇంకా కనిపిస్తుంది.

ఈ సీసాలో పోసే నీళ్లు 200 మిల్లీలీటర్లు, పైన మిగిలే ఖాళీ 20 మిల్లీలీటర్లు. నీళ్లు పోశాక దీన్ని యంత్రంలో బిగించి, సిలిండరు నుంచి కార్బన్ డై ఆక్సైడ్ వదులుతూ గిరగిరా తిప్పుతారు. తిప్పితే ఎక్కువ గ్యాసు పడుతుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. నీటికీ వాయువుకూ తాకిడి పెరిగి, కరగాల్సినది తొందరగా కరుగుతుంది, అంతే. కదపకుండా వదిలేసినా చివరికి కరిగేది అంతే, కాకపోతే బేరం దాటిపోతుంది. తిప్పడం ఆపి సీసాను తలకిందులుగా నిలిపితే గోలీ మూతి దగ్గరికి జారి వాషరుకు అతుక్కుంటుంది.

ఎంత కరుగుతుందన్నది తేల్చినవాడు మాంచెస్టర్‌కు చెందిన విలియం హెన్రీ. నీటిలో ఈ వాయువును కరిగించే పద్ధతిని జోసెఫ్ ప్రీస్ట్లీ 1772లోనే ప్రచురించాడు. దాని కొలతను 1803లో హెన్రీ నియమంగా చెప్పాడు: ఉష్ణోగ్రత మారకపోతే, నీటిలో కరిగే వాయువు పరిమాణం నీటిపై ఆ వాయువు పీడనానికి అనులోమానుపాతంలో ఉంటుంది. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర, ఒక అట్మాస్ఫియర్ పీడనంలో, లీటరు నీటిలో 0.034 మోల్, అంటే సుమారు 1.5 గ్రాముల కార్బన్ డై ఆక్సైడ్ కరుగుతుంది. ఇంటర్ పుస్తకాల్లో హెన్రీ స్థిరాంకం 16.7 కోట్ల పాస్కళ్లని కనబడితే కంగారు పడనక్కర్లేదు. అక్కడ పీడనాన్ని మోల్ భాగంతో భాగిస్తారు కాబట్టి స్థిరాంకం పెద్దదైన కొద్దీ కరిగేది తక్కువ. రెండూ ఒకే సంగతిని చెబుతాయి.

ఇక లెక్క. ఈ సీసాలో వాయువు పీడనం 4 అట్మాస్ఫియర్లు అనుకుంటే లీటరుకు 6 గ్రాములు, 200 మిల్లీలీటర్లకు 1.2 గ్రాములు. బయటికి వస్తే ఆ వాయువు 660 మిల్లీలీటర్ల పైచిలుకు చోటు ఆక్రమిస్తుంది. నీటికి మూడింతలకు మించిన వాయువు నీటిలోనే దాగి ఉందన్నమాట.

ఇక్కడ రెండుచోట్ల లెక్క తప్పుతుంది. యంత్రం మీటరు బయటి గాలి కంటే ఎంత ఎక్కువో మాత్రమే చూపిస్తుంది. ముల్లు 44 పౌండ్ల దగ్గర ఉంటే లోపలున్నది 3 కాదు, 4 అట్మాస్ఫియర్లు. రెండోది, సీసాలో ముందునుంచీ ఉన్న గాలి. దాన్ని బయటికి తోలకుండా నింపితే ఆ నాలుగులో ఒకటి గాలి వాటా అవుతుంది. నియమంలో వాడాల్సింది కార్బన్ డై ఆక్సైడ్ పాక్షిక పీడనం మూడే. అప్పుడు కరిగేది 0.9 గ్రాములు. మీటరు అదే చూపిస్తుంది గానీ సోడా చప్పగా ఉంటుంది.

ఈ సీసా బతుకులో గండం ఎండాకాలం. వేడికి ద్రావణీయత పడిపోతుంది. ఒక అట్మాస్ఫియర్ దగ్గర లీటరుకు 0 డిగ్రీల వద్ద 3.3 గ్రాములు కరిగే వాయువు 40 డిగ్రీల వద్ద ఒక గ్రాముకు అటూఇటూగా మాత్రమే కరుగుతుంది. మూతి మూసి ఉంది కాబట్టి కరగనిది ఖాళీలోకి చేరాలి. నీటిలోని 1.2 గ్రాములకు ఖాళీలోని 0.14 కలిపితే మొత్తం 1.34 గ్రాములు. ఈ మొత్తం మారదు. 40 డిగ్రీల దగ్గర ప్రతి అట్మాస్ఫియర్‌కూ నీరు 0.21, ఖాళీ 0.034, వెరసి 0.244 గ్రాములు పట్టుకోగలవు. 1.34ను 0.244తో భాగిస్తే దాదాపు 5.5 అట్మాస్ఫియర్లు. నీటి సంగతి మరచి వాయు నియమం ఒక్కటే వాడితే వచ్చేది 4.2 మాత్రమే. సీసాను పగలగొట్టేది ఆ తేడాయే. ఇదే సీసాను 5 డిగ్రీల చల్లదనంలో ఉంచితే పీడనం 2.2కు దిగుతుంది. సోడాల మీద తడిగోనె కప్పే బండివాడికి ఈ భాగహారం తెలియకపోయినా జవాబు తెలుసు.

హెన్రీ నియమానికి హద్దులున్నాయి. నీటితో గట్టిగా చర్య జరిపే అమోనియా, హైడ్రోజన్ క్లోరైడ్ వంటి వాయువులకు అది పనికిరాదు. కార్బన్ డై ఆక్సైడ్‌లో కార్బోనిక్ ఆమ్లంగా మారేది చాలా కొద్ది భాగమే కాబట్టి సోడా పీడనాల దగ్గర లెక్క సరిపోతుంది. ఆ కొద్ది ఆమ్లమే సోడాకు నాలుక చురుక్కుమనే పులుపు ఇస్తుంది.

బొటనవేలితో గోలీని నొక్కగానే కీచుమని మూతి తెరుచుకుంటుంది. గోలీ నొక్కుల దగ్గరికి దిగుతుంది. సీసా పైభాగంలోని పీడనం క్షణంలో పోతుంది, కానీ నీటిలోని వాయువు అంత తొందరగా పోదు. బుడగ పుట్టడానికి ఏదో ఒక గరుకు చోటు కావాలి. ఉప్పుసోడాలో చిటికెడు ఉప్పు పడగానే బుస్సున పొంగడానికి కారణం అదే: ప్రతి పలుకూ బుడగలకు పుట్టిల్లు.

తాగకుండా వదిలేస్తే నీరు చివరికి బయటి గాలితో సమతాస్థితికి వస్తుంది. గాలిలో కార్బన్ డై ఆక్సైడ్ వాటా 0.042 శాతం. ఆ లెక్కన 200 మిల్లీలీటర్ల నీటిలో మిగిలేది 0.13 మిల్లీగ్రాములు.