రిజిస్టర్ కులాసా

మన సర్కారు ఆస్పత్రులకు నాణ్యత ఏడాదికోసారి వస్తుంది. వచ్చే తేదీ ముందే తెలుస్తుంది కనుక గోడలకు రంగు పడుతుంది, చెత్త డబ్బాల్లోకి రంగురంగుల సంచులు దిగుతాయి. చేతులు ఎలా కడుక్కోవాలో చెప్పే పోస్టరును సింకు మీద అతికిస్తారు. కుళాయిలో నీళ్లు రావడం వేరే శాఖ పని. 2015లో కాయకల్ప్ పథకం మొదలైనప్పటి నుంచి పరిశుభ్రతకు మార్కులూ బహుమతులూ ఉన్నాయి. మంచిదే. కాకపోతే మార్కులకు చదివే పిల్లవాడికీ మార్కులకు తుడిచే ఆస్పత్రికీ పరీక్ష మర్నాడు ఏమీ గుర్తుండదు.

అలాగని నాణ్యతా పద్ధతులన్నీ దండగ అనేవాళ్లతో నాకు పొత్తు కుదరదు. ఆపరేషన్ థియేటర్ల కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ 19 అంశాల చెక్‌లిస్టు తయారుచేసింది. రోగి పేరేమిటి, కోయాల్సింది కుడివైపా ఎడమవైపా, యాంటీబయాటిక్ ఇచ్చారా లాంటి ప్రశ్నలే. న్యూఢిల్లీతో సహా ఎనిమిది నగరాల్లో వాడి చూస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8కి పడ్డాయని 2009లో తేలింది. ఇంత చవకైన మందు దొరికాక ప్రభుత్వాలు ఊరుకుంటాయా? కెనడాలోని ఒంటారియో హుకుం జారీ చేసింది. ఆస్పత్రులు దాదాపు అన్నీ తొంభై శాతానికి పైగా పాటిస్తున్నామని రాసిచ్చాయి. 2014లో 101 ఆస్పత్రుల లెక్క తీస్తే మరణాలు 0.71 శాతం నుంచి 0.65కి వచ్చాయి. గణాంక శాస్త్రం దాన్ని తేడాగా ఒప్పుకోలేదు. ఎందరు నిజంగా ఆగి అడిగారో, ఎందరు కుట్లు వేశాక వరసగా టిక్కులు కొట్టారో ఆ నివేదికలు చెప్పవు. ఉత్తరప్రదేశ్ కథ ఇంకా ఘాటు. అక్కడ 120 ప్రసూతి కేంద్రాల్లో సగానికి కాన్పుల చెక్‌లిస్టు ఇచ్చి, శిక్షకులను ఎనిమిది నెలలు పక్కన నిలబెట్టారు. రెండో నెలకే చేయాల్సిన పనుల్లో 73 శాతం జరిగాయి. మిగతా సగంలో 42 శాతమే. శిక్షకులు వెళ్లిన నాలుగు నెలలకు ఆ 73 కాస్తా 62కి దిగింది. 2017లో ఫలితం ప్రకటిస్తే, మరణాలూ తీవ్రమైన ఇబ్బందులూ కలిపి ఇటు 15.1 శాతం, అటు 15.3. మందు ఉందా అని చెక్‌లిస్టు అడగగలదు, తెచ్చిపెట్టలేదు. పుట్టగానే ఏడవని బిడ్డకు ఊపిరి పట్టించగల మనిషి రాత్రి డ్యూటీలో లేకపోతే గడి నిండినా ఒకటే, ఖాళీగా ఉన్నా ఒకటే.

కాగితమే లేకపోతే ఏం జరుగుతోందో తెలిసేదెలా అంటారు అధికారులు. సబబే. ఒంటారియోలో చూసింది ముందు మూడు నెలలు, తర్వాత మూడు నెలలేనన్న ఆక్షేపణనూ కొట్టిపారేయలేం. అమెరికాలోని సౌత్ కరోలినాలో చెక్‌లిస్టు కార్యక్రమంలో తమంతట తాము చేరి, శిక్షణ చివరిదాకా పూర్తి చేసిన 14 ఆస్పత్రుల్లో ఆపరేషన్ల తర్వాతి మరణాలు, మిగతావాటితో పోలిస్తే 22 శాతం తగ్గాయి. అవి ముందునుంచే బుద్ధిమంతమైన ఆస్పత్రులేమో అంటారా? నా అనుమానమూ అదే. అదే నిజమైతే బుద్ధిని జీవో ద్వారా పంపిణీ చేసే పథకం మరోసారి ఆలోచించుకోవాలి. తనిఖీ బృందానికి నాదొక విన్నపం. శనివారం రాత్రి రెండింటికి చెప్పకుండా రండి. రిజిస్టర్ తెరవకండి, వార్డులో ఎందరు రోగులకు ఎందరు నర్సులున్నారో లెక్కపెట్టండి. ఒక్కామే కనిపిస్తే ఆమె మార్కులు కోయకండి. ఖాళీ పోస్టుల ఫైలు ఎక్కడుందో వెతికి దానికి కోయండి. దాని మీద సంతకాలన్నీ సక్రమంగానే ఉంటాయి.