లాటిన్ వేళ్లు, పావగడ పందికొక్కులు

ఆంగ్ల సాహిత్యంలో ఉత్తమమైనవని పేరుపడ్డ నవలలను, నాటకాలను బడిపిల్లల ముందు పెట్టి, వాటిలోని కఠిన పదాలను ఏరి, ఒక్కొక్క పదాన్ని లాటిన్, గ్రీకు మూలాలుగా విడగొట్టి వల్లింపజేస్తే, నూరు మూలాలతో పదివేల మాటలు వాటంతట అవే వచ్చి నాలుక మీద కూర్చుంటాయనే సిద్ధాంతానికి ఇంగ్లీషు మీడియం బళ్లలోనూ వేసవి కోచింగుల్లోనూ మంచి గిరాకీ ఉంది. సాహిత్యమూ పదజాలమూ కలిపి చదవమనడంలో తప్పేమీ లేదు. అయితే ఆ రెండూ కలిసే చోట సాహిత్యం మాయమై పట్టిక మాత్రం మిగలడమే ఈ విద్యలోని విశేషం.

కర్ణాటకలో తుమకూరు జిల్లాకు చెంది, దాదాపు అన్ని వైపులా ఆంధ్రప్రదేశ్ ఊళ్ల మధ్య ఒదిగిన పావగడ తాలూకా ఈ సిద్ధాంతాన్ని పరీక్షించడానికి అనువైన చోటు. అక్కడ ఇంటి భాష ఎక్కువమందికి తెలుగు, బడి భాష కన్నడం, తల్లిదండ్రుల ఆశల భాష ఇంగ్లీషు. వానలు మొహం చాటేసే ఆ నేలలో తిరుమణి, వల్లూరు, రాయచెర్లు వంటి ఊళ్ల రైతులు ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయల లెక్కన పొలాలను సోలార్ పార్కుకు లీజుకిచ్చారు. 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల కరెంటు ఉత్పత్తి చేసేందుకు ఆ పార్కు వెలిసింది. లీజు డబ్బు చేతికొచ్చిన ఇంట్లో మొదటి ఖర్చు పిల్లల ఇంగ్లీషు చదువే అయినా ఆశ్చర్యం లేదు, అందులో తప్పు కూడా లేదు. ఆ డబ్బుకు పిల్లవాడి చేతిలో పడేది ఏమిటన్నదే ప్రశ్న.

చార్లెస్ డికెన్స్ 1860-61లో సీరియల్‌గా వెలువరించిన ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’ను తీసుకుంటే, తల్లిదండ్రులు లేక అక్క ఇంట్లో తన్నులు తింటూ పెరిగే పిప్ అనే కుర్రవాడు శ్మశానంలో ఎదురుపడ్డ ఖైదీకి భయపడి, ఇంట్లోంచి తిండిని, సంకెళ్లు కోసుకోవడానికి ఆకురాయిని దొంగిలించి తెచ్చిస్తాడు. భయంతో చేసిన ఆ పనిలోకి జాలి ఎప్పుడు చొరబడిందో పిల్లవాడికి తెలియదు, చదివేవారికి తెలుస్తుంది. నవల అంతా ఆ జాలి మీదనే నిలబడి ఉంది. పదమూలాల క్లాసులో మాత్రం ఈ ఘట్టం నుంచి ఏరుకోదగింది ‘కన్విక్ట్’ అనే మాట ఒక్కటే: దాని మూలం గెలుచుట అనే అర్థం గల లాటిన్ ధాతువు, దానికి తోబుట్టువులు ‘విక్టరీ’, ‘కన్విన్స్’, ‘ఇన్విన్సిబుల్’, రాసుకోండి, రేపు టెస్టు. ఖైదీకి తిండి దొరికిందా లేదా అన్నది సిలబస్‌లో లేదు.

పోనీ మూలాలైనా కుదురుగా అందుతున్నాయా అంటే, అదీ అనుమానమే. లాటిన్‌లో ‘పెడ్’ అంటే పాదం కాబట్టి ‘పెడెస్ట్రియన్’ పాదచారి అని నేర్చిన పిల్లవాడు, అదే సూత్రంతో ‘పీడియాట్రీషియన్’ను పాదాల వైద్యుణ్ణి చేయకుండా ఉండలేడు, ఆ రెండో మాటలోనిది పిల్లలు అనే అర్థం గల గ్రీకు మూలమని ఎవరైనా చెబితే తప్ప చిన్నపిల్లల డాక్టరుకు గిట్టుబాటు కాదు. ‘శాలరీ’ ఉప్పును తెలిపే ‘సాల్’ నుంచి వచ్చిందన్నది నిజమే గానీ, రోమన్ సైనికులకు జీతం కింద ఉప్పు కొలిచి పోసేవారనే కథకు ప్రాచీన ఆధారం ఒక్కటీ లేదు. అయినా ఉప్పు తిన్న విశ్వాసంతో కోచింగులన్నీ ఆ కథను చెబుతూనే ఉంటాయి.

అమెరికాలో 1949లో వెలువడి, మన పేవ్‌మెంట్ల మీద పుస్తకాలు పరిచిన ప్రతిచోటా కనిపించే నార్మన్ లూయిస్ ‘వర్డ్ పవర్ మేడ్ ఈజీ’లో తొలి పాఠాలు నేర్పే పది మాటల్లో మనుషులను ద్వేషించేవాడు, స్త్రీలను ద్వేషించేవాడు, పెళ్లిని ద్వేషించేవాడు, లోకం విడిచిన విరాగి ఉన్నారు. ఆ పుస్తకం ఇంగ్లీషే ఇంటి భాషగా గల పెద్దల కోసం రాసింది కాబట్టి రచయిత తప్పేమీ లేదు. దాన్ని తెచ్చి, బస్సు ఎప్పుడొస్తుందని ఇంగ్లీషులో అడగడం ఇంకా రాని పిల్లవాడికి లోకాన్ని ఎన్ని రకాలుగా ద్వేషించవచ్చో ముందుగా నేర్పేవారిదే ఘనత. ఇంగ్లీషులో క్షణక్షణం వాడే ‘గెట్’, ‘పుట్’, ‘గివ్’ వంటి పొట్టి మాటలు జర్మానిక్ సంతానం. ‘పుట్ అప్ విత్’ అంటే ఓర్చుకోవడమని లాటిన్ వేరు ఏదీ చెప్పదు. ఓర్చుకోవడమైతే పిల్లలకు ఎటూ అలవాటవుతుంది.

పూర్వం మాత్రం అమరకోశాన్ని వల్లె వేయలేదా అని ఎవరైనా అడగవచ్చు. వేశారు. అయితే ఆ పర్యాయపద నిఘంటువు పక్కన కావ్యం కూడా ఉండేది. మెదక్ ప్రాంతపు కొల్చారం వాడని చెప్పే కోలాచలం మల్లినాథసూరి రఘువంశానికి రాసిన ‘సంజీవిని’ వ్యాఖ్యలో ముందు అన్వయం, అంటే శ్లోకంలో చెదిరి ఉన్న పదాలను వాక్యక్రమంలో పేర్చడం కనిపిస్తుంది. తర్వాత అర్థం, అవసరమైన చోట సమాస విభాగం, వ్యాకరణం, ఆపైన కోశ ప్రమాణం వస్తాయి. మూలంలో లేనిది రాయనని, అక్కరలేనిది చెప్పనని ఆయన మొదట్లోనే మాట ఇచ్చుకున్నాడు. ఈ రెండో షరతు నేటి స్టడీ మెటీరియల్‌కు వర్తిస్తే అట్టలు తప్ప మిగలవు.

అన్నిటికన్నా వింత ఏమిటంటే, పదమూలాల శాస్త్రం పావగడ పిల్లలకు దూరదేశపు సరుకు కాదు. మద్రాసు కలెక్టరు ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్, ఫోర్ట్ సెయింట్ జార్జ్ కాలేజీ పండితుడు పట్టాభిరామ శాస్త్రి కూర్చిన ధాతుమాలను ఆధారం చేసుకుని తెలుగు, కన్నడ, తమిళ ధాతువులను పక్కపక్కన నిలిపి, ఈ భాషలు సంస్కృతం నుంచి పుట్టినవి కావని, ఒకే కుటుంబానికి చెందినవని 1816లో క్యాంబెల్ తెలుగు వ్యాకరణానికి చేర్చిన గమనికలో చూపాడు. ఈ భాషా కుటుంబం గురించి కాల్డ్‌వెల్ రాసిన పేరుపడ్డ పుస్తకం వచ్చింది ఆ తర్వాత నలభై ఏళ్లకు, 1856లో. ఎల్లిస్ పేర్చిన ఆ వరసల్లో రెండింటిని పావగడ పిల్లవాడు దినమూ నోట్లో పెట్టుకుని తిరుగుతున్నాడు: ఇంట్లో పాలు తాగి బడిలో ‘హాలు’ అని, పులిని ‘హులి’ అని, పువ్వును ‘హూవు’ అని రాస్తాడు. మాట మొదటి పకారం కన్నడంలో హకారమైందన్న ఈ సూత్రం తెలిస్తే, లాటిన్ ‘పేటర్’ పక్కన ఇంగ్లీషు ‘ఫాదర్’, ‘పెడ్’ పక్కన ‘ఫుట్’, ‘పిస్కిస్’ పక్కన ‘ఫిష్’ ఎందుకు నిలిచాయో, అంటే 1822లో యాకబ్ గ్రిమ్ వివరించిన ధ్వని నియమం, అయిదు నిమిషాల్లో బోధపడుతుంది. దానికి అయ్యవారు ఇంటి తెలుగును తరగతిలోకి రానివ్వాలి. తెలుగు మాట్లాడితే జరిమానా వేసే చోట అది జరిగే పని కాదు.

వేరుసెనగ చేలను తవ్విపోసే పందికొక్కు కూడా ఈ విషయంలో అన్యాయానికి గురైంది. ఇంగ్లీషులోని ‘బ్యాండికూట్’ ఆ తెలుగు మాటే. యూల్, బర్నెల్‌లు 1886లో అచ్చువేసిన ‘హాబ్సన్-జాబ్సన్’ నిఘంటువు ఆ సంగతి చెబుతుంది, ఆస్ట్రేలియాలో సంచి కడుపు జంతువు ఒకటి ఆ పేరుతోనే చెలామణి అవుతోంది. ఈ మూలం మాత్రం నూరు మూలాల పట్టికలోకి ఎక్కలేదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్న నియమం పెరటి కొక్కుకూ వర్తించినట్టుంది.

కాబట్టి జూన్‌లో పిల్లల్ని చేర్పించడానికి వెళ్లే తల్లిదండ్రులు మూలాలెన్ని, మాటలెన్ని అని అడగడం మాని, ఈ ఏడాది ఏ ఒక్క పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివిస్తారో, పిల్లలకు తెలిసిన భాషలో దాని గురించి ఎవరు మాట్లాడతారో అడగాలి. జవాబు వచ్చాకే ఫీజు కట్టాలి.