కాఫీ హోటలు ముందు సైకిలుకి చోటేదీ?

ఆదివారం పొద్దున్నే విశాఖ బీచ్ రోడ్డు మీదకి వెళ్ళి చూడండి. ఆ వేళకి అక్కడ కొంతమేర మోటారు బళ్ళని రానివ్వరు. రంగురంగుల బిగుతు చొక్కాలు, నల్లకళ్ళద్దాలు, హెల్మెట్లు పెట్టుకుని అబ్బాయిలూ అమ్మాయిలూ గుంపులుగా సైకిళ్ళు తొక్కుతూంటారు. భీమిలి దాకా పోయి వచ్చి, ఏదో ఒక కెఫే ముందు ఆగి, ఫోటోలు దిగి, కాఫీ తాగి ఇళ్ళకి పోతారు. దానికి ‘కాఫీ రైడ్’ అని పేరు. తొక్కడం మంచిదే. అంతమంది ఆడపిల్లలు ధైర్యంగా సైకిలెక్కడం మా కాలంలో లేదు, అది చూస్తే నాకు కడుపు నిండుతుంది. కానీ సైకిలుకీ కాఫీకీ చుట్టరికం ఇటలీలో పుట్టిందనీ, మన ఊరికి ఇప్పుడిప్పుడే వచ్చిందనీ వాళ్ళు చెప్పుకుంటూంటే మాత్రం ఊరుకోలేకపోతున్నాను.

మా రోజుల్లో ఆ చుట్టరికం షిప్‌యార్డు గేటు దగ్గర కనిపించేది. 1941లో వాల్‌చంద్ హీరాచంద్ సింధియా కంపెనీ తరఫున మొదలుపెట్టిన యార్డు అది. ప్రభుత్వం 1952లో హిందుస్థాన్ షిప్‌యార్డు అని పేరు మార్చినా జనానికి ఆ చోటు ఇవాళ్టికీ సింధియాయే. డెబ్భైల్లో నేను అక్కడ ఫిట్టరుగా చేరాను. షిఫ్టు దిగే సైరను మోగిందంటే గేటు పట్టనన్ని సైకిళ్ళు. హెర్క్యులిస్, రాలీ, అట్లాస్, హీరో, అన్నీ నల్లవే. హ్యాండిలుకి టిఫిను డబ్బా సంచి, వెనక స్ప్రింగు కింద గ్రీజు మరకల బట్టలు, ప్యాంటు చైనులో పడకుండా కాలికి క్లిప్పు. శ్రీహరిపురం, మల్కాపురం రోడ్డు వార కాఫీ హోటళ్ళ ముందు ఆ సైకిళ్ళు ఒకదానికొకటి ఆనుకుని వరసగా నిలబడేవి. ఒక్కటి జారితే వరసంతా పడేది. ఎవరిదని అడిగే పనే లేదు, దగ్గరున్నవాడు లేపి నిలబెట్టేవాడు.

లోపల ఇత్తడి బాయిలరు. అడుగున బొగ్గుల నిప్పు, పక్కన వేణ్ణీళ్ళ కుళాయి. మాస్టరు గుడ్డ సంచిలో కాఫీ పొడుం పోసి, సలసల మరిగే నీళ్ళు వంచి, దిగిన డికాషన్ని గ్లాసులో వేలెడు పోసి, చక్కెరా పాలూ కలిపి, చెయ్యెత్తి ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి తిరగబోసేవాడు. నురగ అంచు దాటి నిలిచేది గానీ చుక్క కింద పడేది కాదు. ఎవరికెంత చిక్కగా కావాలో ఆయనకి నోటికొచ్చు. రాత్రి షిఫ్టు దిగి వచ్చినవాడికి అడక్కుండానే స్ట్రాంగు పడేది. ధర పావలా, తర్వాత ముప్పై పైసలు. చేతిలో లేకపోతే ఖాతా. సగం మంది నిలబడే తాగేవాళ్ళం. బోనసు మాటలు, సమ్మె మాటలు, పిల్ల పెళ్ళి మాటలు అన్నీ ఆ గ్లాసు ఖాళీ అయ్యేలోపలే. మళ్ళీ సైకిలెక్కి ఇంటికి.

ఉద్యోగం రాగానే మేం ముందు కొన్నది సైకిలు, అదీ వాయిదాల మీద. మునిసిపాలిటీకి పన్ను కట్టి బిళ్ళ తగిలించుకోవాలి. రాత్రిపూట దీపం లేకపోతే, వెనక ఇంకొకణ్ణి ఎక్కించుకుంటే, పోలీసు ఆపి చక్రాల్లో గాలి తీసేవాడు. అయినా ఆ సైకిలు మాకు జీతం తెచ్చే మనిషితో సమానం.

ఇంకా వెనక్కి, మా చిన్నతనానికి వెళ్తాను. ఊరి బడి ఆవరణలో సైకిలు తొక్కే మనిషి దిగేవాడు. వారం రోజులు సైకిలు దిగకుండా తొక్కుతాడని మైకులో చాటించేవారు. మధ్యలో గుంజ పాతి, రంగు కాయితాల తోరణాలు కట్టి, ట్యూబులైట్లు వేసి, సినిమా రికార్డులు పెట్టేవారు. అతను సైకిలు మీదే అన్నం తినేవాడు. సైకిలు మీదే బకెట్టు నీళ్ళు నెత్తిన పోసుకునేవాడు. జనం అతని చొక్కాకి రూపాయి నోట్లు పిన్నుతో గుచ్చేవారు. పగలంతా సందడే, అసలు కష్టం అర్ధరాత్రి దాటాక. జనం ఇళ్ళకి పోయేవారు, పాటలు ఆగిపోయేవి, అతని తల వాలిపోయేది. అప్పుడు అతని వెంట ఉండే కుర్రాడు హోటలు నుంచి చెంబుతో కాఫీ తెచ్చి, గ్లాసులో పోసి, పక్కనే పరిగెడుతూ చేతికి అందించేవాడు. అతను ఒక చేత్తో హ్యాండిలు పట్టుకుని, తొక్కుతూనే, రెండు గుక్కల్లో తాగి గ్లాసు వెనక్కిచ్చేవాడు. కాసేపటికి వెన్ను నిటారుగా లేచేది. బడి గోడ మీద కూర్చుని నేను కళ్ళారా చూశాను. ఆ మనిషిని మించిన సైకిలు వీరుడు నాకు ఏ టీవీలోనూ కనిపించలేదు.

కాఫీ అతని ఒంట్లో చేసిన పని ఏమిటో ఇప్పుడు సైన్సు చెబుతోంది. ఒంట్లో అలసట పేరుకుంటున్నప్పుడు మెదడుకి నిద్ర కబురు మోసేది అడెనోసిన్ అనే పదార్థం. కాఫీలోని కెఫీన్ వెళ్ళి దాని చోటులో కూర్చుంటుంది. కబురు అందదు, కష్టం తక్కువ అనిపిస్తుంది. అందుకే ఒకప్పుడు పోటీ ఆటగాళ్ళ మూత్రంలో కెఫీన్ మిల్లీలీటరుకి 12 మైక్రోగ్రాములు మించితే తప్పుగా లెక్కపెట్టేవారు. 2004లో దాన్ని నిషేధ జాబితాలోంచి తీసేశారు. తీసెయ్యడం న్యాయమే. కష్టపడేవాడి చేతిలోంచి కాఫీ గ్లాసు లాక్కోకూడదు.

సరే, ఇటలీ సంగతే చూద్దాం. మిలాన్‌లో కాఫీ యంత్రాలు చేసే ఫయేమా కంపెనీ సైకిలు జట్టుని పోషించిన మాట నిజం. 1961లో అది తెచ్చిన ఇ61 యంత్రం ప్రపంచమంతా తిరిగింది. ఆ ఏడాది పట్టిన సూర్యగ్రహణం మీద దానికి ఆ పేరు పెట్టారు. ఫయేమా చొక్కా తొడుక్కునే ఎడీ మెర్క్స్ 1968లో ఇటలీ చుట్టు పందెం జిరో, 1969లో ఫ్రాన్సు చుట్టు పందెం టూర్ గెలిచాడు. మరి ఆ మెర్క్స్ ఎవరు? బ్రస్సెల్స్‌లో కిరాణా కొట్టు పెట్టుకున్నవాళ్ళ అబ్బాయి. అతనికి ముందు ఇటలీని ఊపేసిన ఫౌస్తో కొప్పి కుర్రతనంలో మాంసం కొట్టులో పనిచేస్తూ సైకిలు మీద ఇంటింటికీ మాంసం చేరవేసినవాడు. ఆ మనిషి 1949లో, మళ్ళీ 1952లో, జిరో టూర్ రెండూ ఒకే ఏడాది గెలిచాడు. 1948 నాటి ‘బైసికిల్ థీవ్స్’ సినిమా చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, ఆ రోములో సైకిలు పోతే పోయింది ఉద్యోగమే. అక్కడ చాలా బార్లలో ఇవాళ్టికీ నిలబడి తాగితే కాఫీకి తక్కువ ధర, కూర్చుని తాగితే ఎక్కువ. పనికిపోయేవాడు నిలబడి తాగి పోతాడు. అచ్చం మా మల్కాపురమే. మన పిల్లలు ఇటలీ నుంచి కప్పు తెచ్చుకున్నారు, చొక్కా తెచ్చుకున్నారు. నిలబడి తాగేవాడి కౌంటరు మాత్రం తెచ్చుకోలేదు.

కాఫీ గింజ కోసం దూరం పోనక్కర్లేదు కూడా. మన కొండల్లో కాఫీ మొక్క 1898లోనే పాములేరు లోయలో దిగింది. ఇవాళ అనంతగిరి, అరకు, పాడేరు వైపు పోతే సిల్వర్ ఓక్ చెట్ల నీడన, మిరియం తీగల పక్కన, గిరిజనుల కాఫీ తోటలే. అరకు అరాబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంతకు రెండేళ్ళ ముందే పారిస్‌లో అరకు కాఫీ దుకాణం తెరిచారు. ఈ సైకిలు పిల్లలు కూడా అనంతగిరి ఘాటు ఎక్కి, తోటల పక్కన ఆ కాఫీ తాగి వస్తారు. ఆ ఘాటు ఎక్కడం సామాన్యం కాదు, శభాష్. కానీ ఊళ్ళోకి దిగాక కెఫేలో బోర్డు మీద ఇథియోపియా, కొలంబియా. కొలంబియా పేరే చెబుతారు గనక ఇదీ వినండి. అక్కడి కాఫీ రైతుల సమాఖ్య ‘కఫే దె కొలంబియా’ అని తన పేరు మీదే సైకిలు జట్టుని నడిపించింది. తోటమాలి పని చేసుకుని బతికిన లూచో హెరెరా ఆ చొక్కాతోనే 1987లో స్పెయిన్ చుట్టు పందెం వుయెల్తా గెలిచాడు. కాఫీ పండించిన రైతు పేరు పందెం గెలిచినవాడి గుండెల మీద! మన కొండ కుర్రాళ్ళ కాళ్ళలో ఆ సత్తువ లేదా? ఒక్క జట్టు, అరకు పేరు మీద ఒక్క జట్టు పెట్టేవాళ్ళు మనకి లేకపోయారు.

ఇప్పటి సైకిలు చూస్తే నాకు దిగులు. లక్ష రూపాయలు పెట్టి కొంటారు. క్యారియరు ఉండదు, స్టాండు ఉండదు, మడ్‌గార్డు ఉండదు. రైతు బజారు నుంచి తోటకూర కట్ట తేవడానికి పనికిరాదు, బడి నుంచి మనవణ్ణి తేవడానికి పనికిరాదు. హైదరాబాదులో ఔటర్ రింగు రోడ్డు పక్కన పైన సోలార్ పలకల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిలు దారి వేసి 2023 అక్టోబరు 1న తెరిచారు. ఎండ తగలదు, లారీల భయం లేదు, నిజంగా మంచి పని. అయితే సైకిలుని కారు వెనక కట్టుకుని అక్కడిదాకా పోయి తొక్కి వచ్చేవాళ్ళున్నారు. కూకట్‌పల్లి నుంచి సైకిలు మీద కూలికి పోయేవాడికి బస్సుకీ డివైడరుకీ మధ్య జానెడు చోటే దిక్కు.

మొన్న నా పాత సైకిలు మీద ఒక కెఫేకి వెళ్ళాను. గేటు దగ్గర సెక్యూరిటీ కుర్రాడు ఆపాడు.

“ఇక్కడ పెట్టకూడదండీ, కార్లొస్తాయి.”

“మరెక్కడ పెట్టమంటావు బాబూ?”

“పక్క సందులో పెట్టుకోండి తాతగారూ. నాదీ అక్కడే ఉంది.”

ఆ పిల్లవాడు రోజూ గాజువాక నుంచి సైకిలు తొక్కుకుంటూ డ్యూటీకొస్తాడట. లోపలికి వెళ్తే గోడ మీద ఒక పాత సైకిలు తుడిచి, రంగేసి, అలంకారానికి వేలాడదీశారు. గోడ మీద సైకిలుకి చోటుంది, గేటు ముందు సైకిలుకి లేదు. కాఫీ రెండు వందల పైచిలుకు, పన్ను అదనం. కాయితం కప్పులో, గోరువెచ్చగా, పైన పాలతో గీసిన ఆకు బొమ్మ. డికాషను ఘాటు నాలిక్కి తగల్లేదు. ఆ కుర్రాడు ఆ గుమ్మం ముందు రోజంతా నిలబడతాడు, ఆ కాఫీ కొనుక్కోలేడు. నాకు ఒళ్ళు మండిపోయింది, ఇప్పటికీ చల్లారలేదు.

నిజమైన కాఫీ సైకిలు ఇంకా మన ఊళ్ళో తిరుగుతోంది, అది చూడాలంటే తెల్లారక ముందు లేవాలి. వెనక క్యారియరు మీద స్టీలు క్యాను తాళ్ళతో బిగించి కట్టి ఉంటుంది. దాని కుళాయి కింద చుక్కలు పడకుండా చిన్న గుడ్డ చుట్టి ఉంటుంది. హ్యాండిలుకి ఒక పక్క కప్పుల సంచి, ఇంకో పక్క నీళ్ళ డబ్బా. రోడ్లూడ్చే అమ్మలు, ఆసుపత్రి ముందు రాత్రంతా కూర్చున్న బంధువులు, వాచ్‌మన్లు, ఆటోవాళ్ళు, అందరికీ ఆ సైకిలే కాఫీ హోటలు.

కెఫేలు పెట్టుకున్న బాబులకీ అమ్మలకీ నేను అడిగేది పెద్ద కోరిక కాదు. గుమ్మం పక్కన సైకిళ్ళు ఆనించుకోవడానికి పది అడుగుల ఇనప కమ్మీ వేయించండి. మీ కౌంటరు చివర నిలబడి తాగేవాడి కోసం అరకు గింజతో ఒక గ్లాసు ఫిల్టరు కాఫీ, కూలివాడు ఇచ్చుకోగల ధరకి, పొద్దున రెండు గంటలైనా అమ్మండి. కాఫీ రైడ్ పిల్లలూ, ఒక్క ఆదివారం మీ గుంపంతా ఆ క్యాను సైకిలు దగ్గర ఆగండి. ప్రతి జంక్షన్లోనూ సైకిలు స్టాండు పెట్టమని నగరపాలక సంస్థకి నేను అర్జీ రాసి ఉంచాను. మీరంతా వచ్చి సంతకాలు పెట్టండి.