కుడిచెయ్యి చాచండి!

మత్తుమందుల మీద యుద్ధంలో ఓడిపోతున్నామని ఎవరన్నారో గానీ, ఏటా జూన్ 26న, మాదకద్రవ్యాల వ్యతిరేక దినాన, మనం గెలుస్తూనే ఉన్నాం. పదింటికి రావలసిన ముఖ్య అతిథి పన్నెండుకు వస్తారు. ఈలోగా ఎండకు సొమ్మసిల్లిన పిల్లల మొహాన పీఈటీ మాస్టారు నీళ్లు చల్లి మళ్లీ వరుసలో నిలబెడతారు. ప్రతిజ్ఞ కోసం ‘కుడిచెయ్యి చాచండి’ అంటుంది మైకు. ఖాళీలో ఎవరి పేరు వాళ్లు చెప్పుకోవాలని ఎవరూ చెప్పరు కాబట్టి, మైదానం మొత్తం ముక్తకంఠంతో ‘అను నేను’ అంటుంది. బెలూన్లు ఎగురుతాయి, ఫొటో పడుతుంది, రాష్ట్రానికి మత్తు వదిలిపోతుంది.

ఈ విద్యలో గురుపీఠం అమెరికాది. 1983లో లాస్ ఏంజిలిస్ పోలీసులు ‘డేర్’ మొదలుపెట్టారు. యూనిఫాంలో పోలీసాయన క్లాసుకొచ్చి ‘వద్దు’ అనడం నేర్పుతాడు. పిల్లలు టీషర్టు తొడుక్కుని ఇంటికెళ్తారు. దేశమంతా పాకాక, 1994లో పరిశోధకులు లెక్కలు తీసి, మత్తుమందుల వాడకం మీద దీని ప్రభావం నామమాత్రమన్నారు. ఎంత అత్యాశ! టీషర్టు ఇచ్చాక కూడా ఫలితం అడుగుతారా? ప్రభుత్వం మాత్రం పట్టు వదలకుండా 1998 నుంచి మత్తు వ్యతిరేక ప్రకటనల మీద వంద కోట్ల డాలర్లకు పైగా పోసింది. అవి పనిచేసిన దాఖలా లేదని 2006లో సర్కారు వారి ఆడిట్ సంస్థే తేల్చింది. ప్రకటనలు తీసినవాళ్లకు బ్రహ్మాండంగా పనిచేశాయనుకోండి.

ఇంతలో సరుకు మారింది. 2019 చివరి ఆర్నెల్లతో పోలిస్తే 2021 చివరి ఆర్నెల్లలో అక్కడ 10-19 ఏళ్ల పిల్లల ఓవర్‌డోస్ చావులు రెట్టింపు దాటాయి. వాడే పిల్లలు పెరిగారా అంటే, లేదు. నొప్పి మాత్రలా అచ్చు పోసిన నకిలీ బిళ్లలో ఫెంటనిల్ అనే మత్తుమందు దూరింది. రెండు మిల్లీగ్రాములు ప్రాణం తీయగలవు. చనిపోయిన ప్రతి ముగ్గురిలో ఇద్దరికి దగ్గర్లోనే ఎవరో ఒకరున్నారు. చాలామంది ఏమీ చెయ్యలేదు. ఊపిరి ఆగిపోయే ముందు వచ్చే శబ్దం గురకలా ఉంటుంది. ‘పడుకోనీ పాపం’ అనుకుంటారు. ఈ ముక్క ఏ ప్రతిజ్ఞలోనూ ఉండదు.

విరుగుడు లేదా? ఉంది, పేరు నలోక్సోన్. అమెరికాలో 1971లోనే అనుమతి వచ్చింది. ముక్కులో కొడితే రెండు మూడు నిమిషాల్లో ఊపిరి తిరిగొచ్చే స్ప్రేను డాక్టరు చీటీ లేకుండా అమ్మడానికి మాత్రం 2023 దాకా ఆగారు. ‘స్ప్రే చేతికిస్తే పిల్లలు మరింత తెగిస్తారు’ అని పెద్దల భయం. ఫైరింజన్ ఉందని కొంప తగలబెట్టుకున్న వాణ్ని నేనైతే చూళ్లేదు.

మన దగ్గర గంజాయి ఎక్కువ, దానికీ ఈ విరుగుడుకీ సంబంధం లేదు, నిజమే. కానీ ట్రమడాల్ బిళ్లలూ హెరాయినూ పట్టుబడుతున్న వార్తలు మనం చదువుతున్నవే. వాటి దెబ్బకు ఊపిరి ఆగితే? ఇంజెక్షన్ ఆసుపత్రిలో ఉంటుంది. కుర్రాడు హాస్టల్ గదిలో ఉంటాడు. మత్తు తీసుకోవడమే ఎన్డీపీఎస్ చట్టం సెక్షన్ 27 కింద నేరం కాబట్టి, 108కి ఫోన్ చెయ్యాలా, ముందు గది సర్దాలా అని రూమ్మేటు ఆలోచిస్తుంటాడు. ఫోన్ చేసినవాణ్ని కేసుల్లోంచి తప్పించే చట్టం అమెరికాలోని న్యూ మెక్సికో 2007లోనే తెచ్చింది, తర్వాత అక్కడి చాలా రాష్ట్రాలు అదే దారి పట్టాయి. మనకు ఇంకా బెలూన్లలో గాలి నింపడమే పూర్తవలేదు.

అయితే కొత్త ఆయుధం ఒకటుంది. టికెట్ రేట్లు పెంచమని వచ్చే సినిమావాళ్లు ముందు డ్రగ్స్ మీద వీడియో చేసి రావాలని 2024 జూలైలో తెలంగాణ ముఖ్యమంత్రి షరతు పెట్టారు. హీరోగారు గొంతు బరువు చేసుకుని ‘వద్దు’ అంటారు, ఆపైన కౌంటర్లో పెరిగిన రేటు మనం కడతాం. డబ్బు మనదే కదా, ఆ వీడియోలో ముక్కులో స్ప్రే ఎలా కొట్టాలో చూపించమని అడిగితే పోలా? అడిగి చూడండి, ఫ్యాన్స్ ఊరుకుంటే ఒట్టు. మా హీరో చేతికి కత్తి కావాలి గానీ ముక్కుమందేమిటంటారు.