పాదాల దగ్గరే ఆగిన చూపు

టామ్ అండ్ జెర్రీ కార్టూన్ల గురించి నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదని నమ్మిన రోజులున్నాయి. ఆ ధీమాతోనే ఓసారి మా ఊరి ఫిల్మ్ క్లబ్‌లో గంటసేపు మాట్లాడాను. టామ్ ఉండే ఇంట్లో పనిచేసే నల్లజాతి ఆవిడ ముఖం ఎందుకు చూపించరో కూడా చెప్పాను. "కెమెరా పిల్లి ఎత్తులో ఉంది. పిల్లికి కనబడేవి కాళ్లే కదా!" అందరూ చప్పట్లు కొట్టారు.

వెనక వరసలోంచి ఒక అమ్మాయి లేచింది. "తర్వాత వచ్చిన వాటిలో తెల్లవాళ్ల ముఖాలు కనిపిస్తాయి కదా సార్. మరి ఈవిడకేమైంది?"

"కళను కళగా చూడమ్మా" అని కూర్చోబెట్టేశాను. తెలియదని చెప్పడానికి నోరు రాలేదు.

ఆ రాత్రి నిద్రపట్టక వరసపెట్టి చూశాను. 1940లో వచ్చిన 'పస్ గెట్స్ ద బూట్' మొదలు 1952 నాటి 'పుష్ బటన్ కిటీ' దాకా ఆవిడవి చెప్పులు, మేజోళ్లు, ఏప్రన్ అంచు, చేతిలో చీపురు, దాదాపు అంతే. 1958 నాటి 'టాట్ వాచర్స్'లో మాత్రం పసివాణ్ని గాలికొదిలేసి ఫోనులో కబుర్లాడే తెల్లమ్మాయి జీనీ ముఖం నిండుగా కనిపిస్తుంది. పిల్లి ఎత్తేమీ మారలేదు.

1950 నాటి 'సాటర్డే ఈవెనింగ్ పస్' దగ్గర ఆపి ఆపి చూశాను. పేకాట మధ్యలో వదిలేసి ఆవిడ ఇంటికి పరుగున వస్తుంది. మన మీదికే వస్తున్నట్టు తోస్తుంది. రెప్పపాటు కాలం ముఖం కనిపించి మాయమవుతుంది. ఎన్నిసార్లు చూశానో ఆ బొమ్మని! ఒక్కసారీ పట్టుకోలేకపోయాను. వేరే బొమ్మల్లో బాంబు పేలి టామ్ ముఖం మసిబారి, పెదాలు లావెక్కే చోట అందరికంటే గట్టిగా నవ్వినవాణ్ని కూడా నేనే. అది ఎవరిని చూసి నవ్వే నవ్వో ఆలోచించలేదు.

ఆవిడకి గొంతునిచ్చిన నటి లిలియన్ రాండాల్ఫ్. ఆ బొమ్మల టైటిల్స్‌లో ఆమె పేరుండదు. ఆ పాత్ర నల్లవాళ్లని కించపరుస్తోందన్న అభ్యంతరాలు ఆ రోజుల్లోనే వచ్చాయి. 1960లలో టీవీ కోసం కొన్నిటిలో ఆవిడని చెరిపేసి, ఆ చోట తెల్ల ఆవిడని గీశారు. గొంతూ మార్చేశారు. ఇది దిద్దుబాటంటే నేనొప్పుకోను. అంతకుముందు ముఖమే లేదు, ఇప్పుడు మనిషినే లేకుండా చేశారు.

'ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్' నాకు ప్రాణం. 1946 నాటి ఆ సినిమాలో పనిమనిషి ఆనీ తను దాచుకున్న డబ్బు తెచ్చి ఇచ్చే చోట ప్రతిసారీ కళ్లు చెమరుస్తాయి. ఆ ఆనీయే లిలియన్ రాండాల్ఫ్. ఆ ముఖం ఇన్నేళ్లుగా నా ఎదురుగానే ఉంది. ఆ గొంతు, ఈ గొంతు ఒక్కటేనని నా చెవికి తట్టలేదు.

తర్వాతి సమావేశంలో లేచి, ఆ రోజు నేను చెప్పింది తప్పని అందరి ముందూ ఒప్పుకున్నాను. ఆ అమ్మాయి రాలేదు.