ఫ్లెక్సీ మీది పాలపిట్ట

దసరా పోయింది. జేబులో పెట్టుకున్న జమ్మి బంగారం ఎండి పొడయింది. జగిత్యాల టవర్ దగ్గర కట్టిన శుభాకాంక్షల ఫ్లెక్సీ మాత్రం ఎక్కడికీ పోలేదు. అందులో చేతులు జోడించిన నాయకుడి మీద నాకేం కోపం లేదు. ఆయన భుజం పక్కన కూర్చున్న పిట్టతోనే పేచీ. అది పాలపిట్ట కాదు. రొమ్మంతా గులాబీ, వంకాయరంగు కలిపి పూసుకున్న ఆ పిట్టది కెన్యా, టాంజానియా వైపు. జగిత్యాల మొహం చూసిన పాపాన పోలేదు.

మన పాలపిట్ట రొమ్ము మట్టిరంగులో ఉంటుంది, గొంతు కింద సన్నటి తెల్లగీతలు. 2014లో తెలంగాణ రాష్ట్ర పక్షిగా ప్రకటించుకున్నది దాన్నే. కర్ణాటకకూ అదే, ఒడిశాకూ అదే. రాష్ట్రం విడిపోయాక కూడా ఆంధ్రప్రదేశ్ దాన్ని వదల్లేదు, 2018లో గాని రామచిలుకకు మారలేదు. ఇంతమంది నా అంటే నా అన్న పిట్టకు సొంతూరి ఫ్లెక్సీలో జానెడు జాగా దొరకలేదు.

రోజూ ఆ దారినే పనికి పోవాలి. రోజూ అది నన్నే చూస్తున్నట్టుంటుంది. ఆఖరికి ఉండబట్టలేక ఆ ఫ్లెక్సీ కొట్టిన షాపుకే పోయాను.

"తమ్మీ, గది పాలపిట్ట కాదు."

"పాలపిట్ట అని కొడితెనే వచ్చింది గద సార్."

"ఆఫ్రికా పిట్ట అది."

"మనోళ్లు ఇంటికొకరు దుబాయిల లేరా సార్? ఆడి పిట్ట ఈడికొస్తె తప్పేంది?"

ఈ వాదనకు జగిత్యాలలోనే కాదు, కోరుట్లలోనూ సిరిసిల్లలోనూ జవాబు దొరకదు. అయినా పట్టు విడవకుండా ఫోన్ తీసి, నేను తీసిన అసలు పాలపిట్ట ఫొటో చూపించాను. తమ్ముడు దాన్ని రెండు వేళ్లతో పెద్దది చేసి, చిన్నది చేసి, తల పక్కకు వంచి చూశాడు.

"గోరింక లెక్కున్నది సార్. కలర్ లేదు. గిది పెడితె అన్న ఒప్పుకోడు."

"అది కూర్చున్నప్పుడు అట్లనే ఉంటది. లేస్తే చూడాలె, రెక్కలు మొత్తం నీలం."

"మరి లేసినప్పుడే తియ్యకపోయిన్రా?"

సరిగ్గా పుండు మీద కారం. ఆ సంగతి తర్వాత చెప్తాను. తమ్ముడికి నా మొహం చూసి జాలేసినట్టుంది, బేరానికొచ్చాడు. "పోనియ్ సార్, మీ పిట్టనే పెడ్త. రొమ్ముకు జెర గులాబీ కొడ్త."

"గులాబీ ఎందుకు?"

"పార్టీ కలర్ గద."

"రేపు ఇంకో పార్టీవాళ్లొస్తే?"

"గదెంత సేపు?" అంటూ మౌస్ జరిపాడు. నా కళ్లముందే ఆఫ్రికా పిట్ట కాషాయం కట్టింది. ఇంకో జరుపుకు మువ్వన్నెలు కప్పుకుంది. ఎర్రజెండా వాళ్లకు ముదురు ఎరుపు విడిగా దాచి ఉంచాడట, ఆర్డర్లే తక్కువ. కొమ్మ అదే, ముక్కు అదే, చూపు అదే. ఎన్నికల ముందు ఇంత సులువుగా రంగు మారే ప్రాణి ఇంకోటి ఉందంటే అది ఫ్లెక్సీలో పిట్ట పక్కనే ఉంటుంది గాని, ఆ మాట షాపులో అనలేదు. గోడ మీది పిల్లి పాతబడింది, ఇప్పుడు తీగ మీది పిట్ట. చూస్తూ చూస్తూ నాకే ఆశ పుట్టి, "మామూలు రంగులో ఉంచరాదా?" అని బతిమాలాను. "ఇండిపెండెంట్లకు ఉంచుత సార్" అన్నాడు.

ఇక ఆ పుండు సంగతి. పాలపిట్ట ధర్మపురి రోడ్డు మీద కరెంటు తీగ మీద దర్జాగా కూర్చుంటుంది. పొలంలో మిడత కదిలేదాకా మెడ కూడా తిప్పదు. మనం బండాపి, కెమెరా తీసి, ఊపిరి బిగబట్టి ఉన్నంతసేపూ ఉండి, చెయ్యి నొప్పిపుట్టి దించిన క్షణాన రెక్క విప్పుతుంది. ముదురు నీలం, లేత నీలం పట్టీలు తళుక్కుమంటాయి. నా దగ్గరున్న పాలపిట్ట ఫొటోల్లో చాలావరకు తీగల ఫొటోలే. విద్యుత్ శాఖవాళ్లు అడిగితే ఉచితంగా ఇస్తాను.

అడవి నయమా అంటే అదీ లేదు. గోదావరి దాటి జన్నారం పోతే కవ్వాల్. 1965 నుంచి అభయారణ్యం, 2012లో పులుల అభయారణ్యం అయింది. ఎండాకాలం ముందు టేకు ఆకు రాలుతుంది కాబట్టి పిట్ట బాగా కనబడుతుందంటారు. నిజమే, కాని అప్పడాల మీద నడిచినట్టే ఉంటుంది, పిట్టకు మనం ముందే వినబడతాం. తప్పిపోయి ఎక్కడైనా చప్పుడు కాకుండా వాగు దాకా చేరితే తీతువు పిట్ట లేచి ఊరంతా చాటింపు వేస్తుంది. కోరుట్లలో మా బావ మాత్రం ఓదార్చడు. "గంత పెద్ద కెమెరా పట్టుకొని పిట్టలెంబడి తిరిగే బదులు మా పిల్ల పెండ్లి తియ్యరాదు బావా, పైసలన్న వస్తయి" అంటాడు.

చెరువు గట్ల మీద ఇంకో తంటా. కెమెరా స్టాండు దించానో లేదో, "ఏం సర్వే సార్?" అంటారు. 1931లో సలీం అలీ నిజాం రాజ్యమంతా తిరిగి పిట్టల సర్వేనే చేశారు, ఆయన్నెన్నిసార్లు అడిగారో! సిరిసిల్ల దగ్గర మధ్యమానేరు ప్రాజెక్టు మీద కూడా ఒక పెద్దమనిషి అట్లనే వచ్చాడు. "మళ్ల ఏం సర్వే సార్?" అన్నాడు. ఆ 'మళ్ల' దగ్గర నా నవ్వు ఆగింది.

సర్వే కాదు తాతా, పిట్టల ఫొటోలు అన్నాను. నీళ్లలో మోడై నిలబడ్డ చెట్టు మీద నీటికాకులు రెక్కలు ఆరేసుకుంటున్నాయి. "గది మా వాకిట్ల చింతచెట్టు" అన్నాడు. కెమెరా వెనక తెరలో చూపించమన్నాడు. నేను పిట్టను పెద్దగా చేసి చూపిస్తుంటే, వేలితో దాన్ని పక్కకు జరిపి కొమ్మ చూసుకున్నాడు. ఉయ్యాల కట్టింది దానికేనట. ప్రాజెక్టు నిండాక పిట్టలు బాగా వస్తున్నాయని నలుగురికీ చెప్పుకుని మురిసేవాణ్ణి నేను. పిట్టలు రావడం అబద్ధం కాదు. కాని అవి వాలిన ప్రతి మోడూ ఒకరి వాకిలి అని తెలిశాక ఆ మురిపెం నోటిదాకా రాదు. ఆ పూట ఇంకో ఫొటో తీయలేదు.

సరే, ఒక్క మనవి చేసి ముగిస్తాను. దసరానాడు పాలపిట్టను చూడాలనుకునేవాళ్లు పొద్దున్నే ఊరు దాటి, పొలాల పక్క తీగల వైపు తలెత్తండి. కనబడకపోతే పండుగేమీ ఆగదు. పంజరంలో పెట్టి గుడి ముందు చూపించేవాడికి మాత్రం రూపాయి ఇవ్వకండి. పాలపిట్టను పట్టడం, పంజరంలో పెట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. అటవీశాఖవాళ్లకు ఒక ఫోన్ చేయండి.