సంక్రాంతి దాటాక బడి

మా సర్కారు బడులు జూన్ 12న తెరుచుకుని ఏప్రిల్ 23న మూతపడతాయి. కాగితం మీద ఆ నెలలన్నీ ఒకేలా కనిపిస్తాయి గానీ లోపల ఉన్నవాళ్లకి అసలు సంగతి తెలుసు. చదువు సంక్రాంతి సెలవులతో అయిపోతుంది. ఆ తర్వాత నడిచేదే బడి. పాఠాలు చెప్పమని కాదు, చెబుతాం. రిపబ్లిక్ డే రిహార్సళ్లకీ సైన్సు డే చార్టులకీ మధ్య, వార్షికోత్సవం డాన్సులకీ ప్రీఫైనల్ పరీక్షలకీ మధ్య, క్లాసులో ఎవరైనా మిగిలుంటే తప్పకుండా చెబుతాం.

ఈ రోజుల్లో బడి మొత్తం మీద అందరికన్నా గిరాకీ ఉండేది తెలుగు మాస్టారికి. నేను చేసేది ఆ ఉద్యోగమే. జూన్ నుంచి డిసెంబరు దాకా లెక్కల మాస్టారు ఎదురైతే తల్లిదండ్రులు బండి ఆపి దిగుతారు. ఇంగ్లీషు టీచరు ఎదురైతే బండి ఆపుతారు. నేను ఎదురైతే హారను కొడతారు. జనవరి వచ్చిందంటే లెక్క తిరగబడుతుంది. ఆహ్వానపత్రిక రాయాలన్నా నేనే, స్వాగతోపన్యాసం, సన్మానపత్రం, వ్యాఖ్యానం, నాటిక అన్నా నేనే, బోర్డు మీద రంగు సుద్దలతో ‘సుస్వాగతం’ రాయాలన్నా నేనే. లెక్కల మాస్టారికి లెక్కలు వస్తే చాలు. తెలుగు మాస్టారికి దస్తూరీ బాగుండాలి, గొంతు బాగుండాలి, మైకు పోయినప్పుడు గొంతు ఇంకా బాగుండాలి.

మొదటి గండం జనవరి 26. ఆగస్టు 15న జెండాని కింది నుంచి పైకి లాగి ఎగరేస్తాం. జనవరి 26న మాత్రం ముందే పైన కట్టి ఉంచుతాం, తాడు లాగితే ముడి వీడి విప్పుకుంటుంది. ఈ తేడా పిల్లలకి జీకే బిట్టు, మా పీఈటీ సారుకి ప్రాణసంకటం. ఆ ముడి వేసేది ఆయనే మరి. గట్టిగా వేస్తే సర్పంచి గారు లాగినా రాదు, వదులుగా వేస్తే సర్పంచి గారు రాకముందే వస్తుంది. ఒక ఏడాది ముడి బిగుసుకుపోయింది. సర్పంచి గారు లాగారు, హెచ్చెమ్ గారు లాగారు, తల్లిదండ్రుల కమిటీ చైర్మన్ గారు కూడా ఒక చెయ్యి వేశారు. జనగణమన ఎత్తుకోవాలో వద్దో తెలియక పాడే పిల్లలు నోళ్లు తెరిచి నిలబడ్డారు. అప్పుడు వెనక వరసలోంచి ఆరో తరగతి పిల్లాడొకడు, “ఆ తాడు కాదు సార్, రెండోది” అన్నాడు. రెండోది లాగగానే జెండా విప్పుకుంది, అందులో కట్టిన బంతిపూల రేకులన్నీ సర్పంచి గారి మీద పడ్డాయి. ఆ పిల్లాడికి ఆ రోజు అందరికీ ఇచ్చే చాక్లెట్టు రెండు ఇచ్చాం.

తర్వాత సర్పంచి గారి ప్రసంగం. 1930 జనవరి 26న దేశమంతా పూర్ణ స్వరాజ్య దినం జరుపుకుందని, ఆ గుర్తుగానే 1950లో రాజ్యాంగాన్ని అదే తేదీన అమల్లోకి తెచ్చారని, నేను రాసిచ్చిన కాగితం చూసి చక్కగా చదివారు. అది రెండు నిమిషాలు. ఆ తర్వాత కాగితం మడిచి జేబులో పెట్టుకుని ఊరి సిమెంటు రోడ్డు గురించి మాట్లాడారు. అది అరగంట.

ఫిబ్రవరి 28 జాతీయ సైన్సు దినోత్సవం. 1928లో ఆ రోజున సి.వి. రామన్ తన పేరుతో నిలిచిపోయిన ఫలితాన్ని కనిపెట్టారు, 1930లో నోబెల్ అందుకున్నారు. ఆయన చిన్నప్పుడు విశాఖపట్నంలో చదువుకున్నారు, వాళ్ల నాన్నగారు అక్కడి కాలేజీలో అధ్యాపకులు. కాబట్టి రామన్ సగం మనవాడేనని మా సైన్సు టీచరు ఏటా ప్రకటిస్తుంది. రామన్ కనిపెట్టింది కాంతి గురించి. మా పిల్లలు ఆ రోజు చూపించేది అగ్నిపర్వతం, సిరంజిలతో లేచే జేసీబీ, థర్మోకోలు సౌరకుటుంబం. 2006లోనే ప్లూటోని గ్రహాల జాబితాలోంచి తీసేశారు గానీ మా సౌరకుటుంబంలో అది ఇంకా తిరుగుతూనే ఉంది. ఎందుకంటే ఆ మోడల్ తెచ్చిన పిల్లాడిది కాదు, వాళ్ల అన్నయ్యది. అన్నయ్యకి వాళ్ల బాబాయి ఇచ్చాడు.

అగ్నిపర్వతానిది ఇంకో తీరు. మట్టి కొండలో వంటసోడా వేసి, కుంకుమ కలిపిన నిమ్మరసం పోస్తే ఎర్రగా పొంగాలి. అధికారులు వచ్చి ఎదురుగా నిలబడి చూసినంతసేపూ పొంగదు. వాళ్లు పక్క బల్ల దగ్గరికి వెళ్లి వెనక్కి తిరిగాక, తెల్లచొక్కా అంచు దాకా పొంగుతుంది. ఆ రోజు మధ్యాహ్న భోజనంలో పులిహోర తిన్నవాళ్లందరూ పులుపు తక్కువైందన్నారు. వంట చేసే అమ్మ గరిటె పట్టుకుని ప్రదర్శన గదికి వచ్చి, కొండ వంక ఒకసారి చూసి, “నా నిమ్మకాయలన్నీ దీనికే పోశారా మాస్టారూ?” అంది. ప్రదర్శనకి వచ్చిన ప్రశ్నల్లో సమాధానం వెంటనే తేలింది అదొక్కటే.

వార్షికోత్సవం అన్నిటికన్నా పెద్ద ఘట్టం. దానికి పాటల ఎంపిక సంఘం ఒకటి వేస్తారు. అందులో సభ్యులు మారుతుంటారు, నేను మారను. పిల్లలు పెన్‌డ్రైవులో తెచ్చిన పాటల్లో అభ్యంతరకరమైన మాటలున్నాయేమో చూసి నేను సంతకం పెట్టాలి. అంటే ఛందస్సు, అలంకారాలు చదువుకున్న మనిషి స్టాఫ్‌రూములో ఓ మూల కూర్చుని, ఫోను చెవికి ఆనించుకుని, ఊపున్న పాటలన్నీ రెండేసిసార్లు వినాలి. మొదటిసారి అర్థం కోసం. రెండోసారి ఇంకో అర్థం ఉందేమోనని. సరిగ్గా రెండోసారి వింటున్నప్పుడే ఎంఈవో గారు తనిఖీకి వచ్చారు.

“ఏం చేస్తున్నారు మాస్టారూ?”

“శ్లేష వెతుకుతున్నానండీ.”

ఆయన తనిఖీ పుస్తకంలో ఏం రాశారో హెచ్చెమ్ గారు నాకు ఇప్పటికీ చూపించలేదు. పైగా నేను కొట్టేసిన పాట స్టేజీ మీదికి రానే వస్తుంది. ఇదేంట్రా అంటే, “అది కాదు సార్, ఇది రీమిక్సు” అంటారు.

డాన్సులతో పాటు వచ్చే ఇంకో తలనొప్పి పదో తరగతి. మార్చిలో పబ్లిక్ పరీక్షలు, మొత్తం 600 మార్కులు, పొద్దున్నా సాయంత్రమూ స్టడీ అవర్లు. ఒక తండ్రి పొలం నుంచి నేరుగా బడికి వచ్చాడు.

“పరీక్షలు పెట్టుకుని ఈ గెంతులేంటండీ మాస్టారూ? డాన్సులోంచి మా పిల్ల పేరు కొట్టెయ్యండి.”

“రోజుకి గంటే కదండీ. ఆ గంట ఇంటికి పంపిస్తే చదువుతుందంటారా?”

మనిషి నిజాయితీపరుడు. కాసేపు ఆలోచించి, “చదవదండీ, టీవీ చూస్తుంది” అన్నాడు.

“టీవీలో గెంతేవాళ్లని చూసే బదులు తనే గెంతుతుంది. పోనివ్వండి.”

వార్షికోత్సవం నాడు ఆయన ముందు వరసలో నిలబడి, ఫోను నెత్తి మీదికి ఎత్తి, వెనకున్న ఊరి జనానికి ఎవరికీ స్టేజీ కనబడకుండా కూతురి డాన్సు మొత్తం వీడియో తీసుకున్నాడు.

ఆ రాత్రికి పరువు నిలబెట్టింది అల్లూరి సీతారామరాజు ఏకపాత్రాభినయం. 1922 ఆగస్టులో చింతపల్లి పోలీసు స్టేషను మీద దాడితో మొదలుపెట్టి 1924 మే 7న కొయ్యూరు దగ్గర ముగించాలి, నాకిచ్చిన సమయం ఆరు నిమిషాలు. కుర్రాడు చింతపల్లి దాటి కృష్ణదేవిపేట చేరేసరికి కరెంటు పోయింది. మైకు ఆగింది, వాడు ఆగలేదు. చీకట్లోనే గొంతెత్తి చెప్పుకుపోయాడు. జనం సెల్‌ఫోను లైట్లు వేసేసరికి, సీతారామరాజు గారు ఊడిపోతున్న గడ్డాన్ని ఎడమ చేత్తో అదిమి పట్టుకుని, కుడి చేత్తో బాణం చూపిస్తూ తెల్లదొరల్ని నిలదీస్తున్నారు. నేను రాసిన మాటలకి అన్ని చప్పట్లు రావడం అదే మొదలు. సగం గడ్డానివే అనుకోండి.

బహుమతులన్నీ స్టీలు సామాన్లే. పరుగు పందానికి టిఫిను డబ్బా, వ్యాసరచనకి పళ్లెం, కబడ్డీకి జట్టంతటికీ గ్లాసులు. ఆరు నుంచి పది దాకా అన్నిట్లో పాల్గొన్న పిల్లలున్న ఇంట్లో వంటగది అలమారు నిండిపోతుంది. ఒక తల్లి అయితే ముందే కనుక్కుంటుంది, “మూతున్న గిన్నె ఈసారి దేనికిస్తున్నారు మాస్టారూ?” అని. ఆ సమాధానాన్ని బట్టి వాళ్లబ్బాయి వ్యాసం రాస్తాడో ఖోఖో ఆడతాడో తేలుతుంది.

స్వపరిపాలన దినోత్సవం నాడు పిల్లలే పంతుళ్లు. ఆడపిల్లలు అమ్మల చీరలు, మగపిల్లలు నాన్నల ప్యాంట్లు బెల్టుతో బిగించుకుని వస్తారు. కలెక్టరు, డీఈవో, హెచ్చెమ్ పదవులకి పోటీ చెప్పనలవి కాదు. ఎవరూ అడగని పదవి అటెండరుది. దాన్ని ఒక బక్కపల్చటి తొమ్మిదో తరగతి కుర్రాడు కిమ్మనకుండా తీసుకున్నాడు. ఎందుకు తీసుకున్నాడో రెండో పీరియడ్‌లో తెలిసింది. గంట వాడి చేతిలో ఉంది. లెక్కల పీరియడ్‌ని పావుగంటలో ముగించాడు, ఆటల పీరియడ్‌ని గంటన్నర నడిపాడు. కలెక్టరు పిలిచి మందలిస్తే, “మీకు అన్నం గంట కొట్టమంటారా వద్దా?” అని అడిగాడు. కలెక్టరు మళ్లీ మాట్లాడలేదు.

నా వేషం వేసింది ఒక అమ్మాయి. ముక్కు చివర కళ్లజోడు, చంకలో హాజరుపట్టీ, వాక్యం చివర “అదీ సంగతి”. నేను అలా అంటానని నాకు ఆ రోజే తెలిసింది. గసడదవాదేశ సంధి చెప్పింది. “ఇక్కడ అర్థంకాని వాళ్లకి ఇంటికెళ్తే అసలు అర్థం కాదు, అదీ సంగతి” అంది. క్లాసంతా విరగబడి నవ్వింది, నవ్వుతూనే నేర్చుకుంది. సాయంత్రం సమీక్షా సమావేశంలో పిల్ల పంతుళ్లందరూ ఒకటే ఫిర్యాదు, క్లాసులో ఎవరూ మాట వినడం లేదని. పిల్ల హెచ్చెమ్ కుర్చీలో వెనక్కి వాలి, “మీరు లెసన్ ప్లాన్ రాసుకుని వెళ్లారా?” అని అడిగాడు. అసలు హెచ్చెమ్ గారు ఆ ఏడాదంతా అంత సంతోషంగా ఉండగా మేము చూడలేదు.

ఇక వీడ్కోలు సభ. పదో తరగతి వాళ్లకి తొమ్మిదో తరగతి వాళ్లు పెట్టే విందు. పులిహోరా బిర్యానీనా అన్న చర్చ శాసనసభ స్థాయిలో నడిచి, రెండుసార్లు వాకౌట్ అయ్యాక బిర్యానీ నెగ్గింది. తలా ఇంత అని చందా వేసుకున్నారు. డబ్బులు ఇవ్వలేని వాళ్ల సంగతేమిటని గొడవ వచ్చింది. కోశాధికారిగా ఉన్న అమ్మాయి ఒక మాటతో తేల్చేసింది: “చందా పుస్తకంలో మొత్తాలే రాస్తాను, పేర్లు రాయను.” ఎవరిచ్చారో ఎవరివ్వలేదో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. కుర్చీలు అందరూ మోశారు, బిర్యానీ అందరూ తిన్నారు. ఏడాది పొడుగునా శాతాలు రాక లెక్కల మాస్టారి చేత చీవాట్లు తిన్న పిల్లాడు హోటలు వాడితో బేరమాడి పది శాతం తగ్గింపు రాబట్టాడు, దాంతో కూల్‌డ్రింకులు కొన్నాడు, మిగిలిన చిల్లర లెక్క అప్పజెప్పాడు. ఆ కబురు విన్న లెక్కల మాస్టారు కాసేపు కిటికీలోంచి బయటికి చూసి, “వీడికి పరీక్ష పేపరు కూడా బిర్యానీ మీద ఇవ్వాలండీ” అన్నారు.

మార్చి సగానికి ఒంటిపూట బడులు వచ్చేస్తాయి. పది పరీక్షల్లో మొదటి రోజు పేపరు తెలుగే, నూరు మార్కులకి. హాల్‌టికెట్లకి కుంకుమబొట్లు పెట్టించి పిల్లల్ని సెంటరుకి పంపాక బడి సగం ఖాళీ. ఏప్రిల్‌లో మిగిలిన తరగతులకి వార్షిక పరీక్షలు, మార్కుల రిజిస్టర్లు, తాళాలు.

ఇన్నేళ్లుగా చూస్తున్నాను కాబట్టి తీర్పు చెప్పే అర్హత నాకుందనుకుంటాను. జూన్ నుంచి డిసెంబరు దాకా మేం నేర్పింది పిల్లలు పరీక్షలో రాస్తారు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా వాళ్లంతట వాళ్లు నేర్చుకున్నది ఏ పేపర్లోనూ అడగరు. కరెంటు పోయినా మాట ఆపకపోవడం, డబ్బులు లేని స్నేహితుడి పేరు పుస్తకంలోకి ఎక్కకుండా చూడడం, గంట చేతికొస్తే మనిషి ఏమవుతాడో కళ్లారా చూడడం, వీటికి మార్కులు లేవు. మార్కులు లేవు కాబట్టే దండగన్న పేరొచ్చింది. పదో తరగతి అనగానే ఆటా పాటా బంద్ చేసి పిల్లల్ని గదిలో కూర్చోబెట్టే బడులకి పిల్లల్ని పంపుతున్న అమ్మానాన్నలు ఈ సంగతి ఒకసారి ఆలోచించాలి. గెంతే గంట చదివే గంటని తినెయ్యదు. టీవీ గంటని తింటుంది.

కాబట్టి పెద్దలకి నా విన్నపాలు మూడు. మీ ఊరి బడి వార్షికోత్సవానికి పిలిస్తే తప్పకుండా రండి. ఫోను నెత్తి మీదికి ఎత్తకండి, వెనక మనుషులున్నారు. ముఖ్య అతిథిగా పిలిస్తే మాత్రం అయిదు నిమిషాలకి మించి మాట్లాడకండి, గడ్డాలు అంటించుకున్న పిల్లలు తెర వెనక చెమటలు కక్కుతుంటారు.